అల్పలోహమున చక్రవర్తి ముద్ర: ఫ్రెంచి మచ్చునాణెములును, మన కమ్మటపు పనియును



నాణెము చేతికి వచ్చినప్పుడు వర్తకుడు దాని తూకమెంత యని యడుగును. రాజపురుషుడు దానిపై నెవరి పేరున్నదని యడుగును. పనివాడు మాత్రము దానిని చెక్కిన చేయి యెట్టిదని యడుగును. ఈ మూడు ప్రశ్నలలో మొదటి రెండింటికి చరిత్రగ్రంథములలో సమాధానములు విస్తారముగా గలవు. మూడవదానికి సమాధానము చెప్పగల వస్తువులు లోకమున మిక్కిలి యరుదు. అట్టి వస్తువులలో నొకటి ఫ్రెంచి చక్రవర్తుల కాలమున తగరము, రాగి, కంచు మొదలగు నల్పలోహములతో కొట్టబడిన మచ్చునాణెము. దానిని గూర్చియు, దాని చరిత్రము మన తెలుగుదేశపు టంకశాలల చరిత్రముతో నెచ్చట కలిసికొనుచున్నదను దానిని గూర్చియు నీ సంచికయందు కొంత విన్నవింపదలచితిని. కొలిమిని, సుత్తెను, చీర్ణమును కులధనముగా బడసిన విశ్వబ్రాహ్మణులమగు మన కీ విషయము పరాయిది గాదు.

రూప్యశబ్దవిచారము

రూపాయి యను మాటకు మూలము సంస్కృతమున "రూప్యము". ఈ శబ్దమునకు వెండి యను నర్థము కూడ లోకమున రూఢమై యున్నది. కాని శబ్దవ్యుత్పత్తి వేరు. పాణిని మహర్షి యష్టాధ్యాయి యందలి పంచమాధ్యాయమున రూపశబ్దముపై రెండర్థములలో "యప్" ప్రత్యయమును విధించెను. అందు మొదటి యర్థము "ఆహతము", అనగా కొట్టబడినది, రెండవది ప్రశంస. కావున దేనిపై రూపము కొట్టబడినదో యది రూప్యము. చక్కని రూపము గలదియు రూప్యమే. ఇందు లోహప్రసక్తి లేనే లేదు. నాణెమునకు పేరు వచ్చినది వెండివలన గాదు, సుత్తెదెబ్బ క్రింద నిలిచిన రూపమువలన. వైయాకరణు డిచ్చిన యీ తీర్పు మన వృత్తికి మిక్కిలి గౌరవకరమైనది.

కౌటిల్యుని యర్థశాస్త్రమున టంకశాలపై "లక్షణాధ్యక్షు"డను నధికారియు, నాణెములను పరీక్షించుటకు "రూపదర్శకు"డను నధికారియు చెప్పబడిరి. ఈ రెండు పేర్లును లక్షణమును, రూపమును బట్టి వచ్చినవే. వెండి పణమున నాలుగవ పాలు రాగి కలుపవలెననియు, ఇనుము, తగరము, సీసము, అంజనములలో నొకదానిని మాషప్రమాణమున చేర్చవలెననియు నందు విధింపబడినది. రాగితో మాషకము, అర్ధమాషకము, కాకణి, అర్ధకాకణి యను చిల్లర నాణెములు చేయవలెననియు గలదు. కాబట్టి అల్పలోహము కలిసినంతమాత్రమున నాణెము హీనమగునని మన పూర్వులు తలపలేదు. చెప్పిన పాలు మీరి కలిపినప్పుడు, మీరినది దాచినప్పుడు మాత్రమే దోషము.

మన తెలుగునేల చరిత్రము నీ మాటనే దృఢపరచుచున్నది. శాతవాహనుల నాణెములలో సీసపువియు, పోటిను అను మిశ్రలోహపువియు విస్తారముగా దొరకుచున్నవి. సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940 ప్రాంతమున జరిగిన త్రవ్వకములలో నాణెములు పోయు మట్టియచ్చులు బయల్పడినవి. ఇంతకును మన వాడుక భాషనే చూడుడు. ధనమునకు మనము చెప్పు "డబ్బు", "దుడ్డు", "కాసు" అను మూడు మాటలును చిల్లర నాణెముల పేర్లే. డబ్బు రాగి నాణెము. దుడ్డు రాగి నాణెము. పుదుచ్చేరిలో ఫ్రెంచివారు తమ రాగి నాణెమును "దూదూ" యని పిలిచిన దీ మాటనే. కాసు ఇంగ్లీషువారి నోట "క్యాషు" అయ్యెను. మాడ, గద్యాణము, వరహా యను బంగారు పేర్లు శాసనములలో నిలిచిపోయినవి. సంతలో నిలిచినది డబ్బే.

మచ్చునాణెమన నేమి?

క్రొత్త నాణెము నొకదానిని ప్రవేశపెట్టదలచిన ప్రభుత్వము వెంటనే వెండి బంగారములతో ముద్రణ మారంభింపదు. మొదట ముద్రాశిల్పి యొకడు చిత్రమును గీసి, మైనమునందో మట్టియందో మూర్తిని దిద్ది, పిదప నుక్కుదిమ్మపై ఉబ్బెత్తుగా దానిని చెక్కును. ఆ యుబ్బెత్తు దిమ్మను మరియొక మెత్తని యుక్కుదిమ్మలోనికి నొక్కి పల్లపు అచ్చును తీయును. అచ్చునకు పదును పట్టించిన తరువాత దానితో కొన్ని ముక్కలు కొట్టి చూతురు. ఇవియే మచ్చునాణెములు. ఫ్రెంచివారు వీటిపై తరచుగా "ఎస్సే" యను మాటను చెక్కుదురు. పరీక్ష యని దాని యర్థము.

ఈ పరీక్షకు అల్పలోహమునే యేల కోరుదురు? కారణములు మూడు గలవు. మొదటిది: తగరము మిక్కిలి మెత్తనిది. కొద్దిపాటి దెబ్బకే అచ్చులోని సన్నని గీతలన్నిటిని గ్రహించును. కనుబొమ వెండ్రుకలు తేరినవా, లేదా? అక్షరపు మూల పదునుగా నున్నదా, లేదా? ఈ సంగతులను తగరపు ముక్క వెంటనే చూపును. క్రొత్త అచ్చు బీటలు వారు భయమును తక్కువ. రెండవది: ఖర్చు. తిరస్కరింపబడు చిత్రములకై వెండి బంగారముల నేల వ్యయము చేయవలెను? మూడవది: భద్రత. వెండి నాణెపు మచ్చు వెండితోనే యుండిన నది సంతలోనికి జారి నాణెముగా చెల్లవచ్చును. రాగిలోనో, తగరములోనో యుండిన నెవ్వడును దానిని వెండి నాణెమని పుచ్చుకొనడు.

ఇట్లు కొట్టినవి కొన్నియే. అవి మంత్రికి, టంకశాలాధికారులకు చూపబడును. అంగీకరింపబడిన చిత్రము లక్షలకొలది ముద్రింపబడి లోకమంతట వ్యాపించును; తిరస్కరింపబడిన చిత్రమునకు మాత్ర మా నాలుగైదు ముక్కలే సాక్షులు. అందువలననే యీనాడు పురాతన నాణెముల సేకర్తలు వీటికై సమానమైన వెండి నాణెమున కిచ్చు వెలకంటె నెన్నియో రెట్లు హెచ్చుగా నిచ్చుచున్నారు.

ఇందలి తత్త్వమును కొంచెము విచారింతము. నాణెమున మూడు భాగములు గలవు. లోహము వర్తకుని భాగము; పేరు రాజు భాగము; రూపము శిల్పి భాగము. మచ్చునాణెమున లోహపు విలువ తీసివేయబడినది. రాజాజ్ఞ యింకను రాలేదు గనుక రాజు భాగమును లేదు. మిగిలినది శిల్పి భాగ మొక్కటియే. పాణిని చెప్పిన రూప్యము తన శుద్ధస్వరూపమున నెచ్చటనైన గలదన్న నిచ్చటనే గలదు.

ఫ్రెంచి చక్రవర్తుల టంకశాల

ఫ్రాన్సుదేశమున విప్లవకాలము నుండియు నాణెపు చిత్రములకై శిల్పులకు పోటీలు పెట్టు వాడుక యుండెను. 1791లో జరిగిన పోటీలో ఓగుస్తేన్ ద్యుప్రే గెలిచి ప్రధాన ముద్రాశిల్పి యయ్యెను. ఆ దినములలోనే, చిల్లర నాణెములకు రాగి చాలక, దేవాలయముల గంటలను కరగించి యా గంటలోహముతో నాణెములను కొట్టిరి. మన కంచరివారికి తెలిసిన విషయమే. గంటకు తగిన లోహము పెళుసైనది, అచ్చు క్రింద సుఖముగా పారదు.

1803 మార్చి 28వ తేదీ శాసనముతో ఫ్రాంకు ప్రమాణము స్థిరపడెను. ఐదు గ్రాముల తూకము, వేయింట తొమ్మిదివందల పాళ్లు వెండి. ఐదు ఫ్రాంకుల పెద్ద నాణెము ఇరువదియైదు గ్రాములు. ఆ సంవత్సరముననే ద్యుప్రే తొలగింపబడి పియేర్ జోసఫ్ త్యోలియే ప్రధాన ముద్రాశిల్పి యయ్యెను. 1804లో నెపోలియను చక్రవర్తి యయ్యెను. ఇచ్చట నొక వింత గమనింపదగినది. నాణెపు ముందువైపున "నెపోలియను చక్రవర్తి" యని యుండగా, వెనుకవైపున "ఫ్రెంచి రిపబ్లికు" అను మాటలు 1808 వరకు నట్లే నిలిచియుండెను. "ఫ్రెంచి సామ్రాజ్యము" అను మాటలు 1809 నుండి మాత్రమే వచ్చెను. రాజ్యము మారినంత శీఘ్రముగా అచ్చులు మారవు. ప్రజలకు పరిచితమైన ముద్రను మార్చుటకు ప్రభువు సైతము జంకును.

ఆ చక్రవర్తి మెడ క్రింద, కంటికి కనబడీ కనబడని చిన్న యక్షరములలో నొక సంతకము గలదు. "త్యోలియే" యని. యూరపును గడగడలాడించిన ప్రభువు మెడ క్రింద నొక పనివాని పేరు! ఆ చిన్న సంతకమువలన నా శిల్పి పేరు రెండువందల యేండ్లు దాటినను చెడక నిలిచినది.

మూడవ నెపోలియను కాలమునను పాత రాగి చిల్లరను తీసివేసి కంచు నాణెములను వ్యాప్తికి తెచ్చిరి. 1852 మే 6వ తేదీ శాసనము ప్రకారము నూటికి తొంబదియైదు పాళ్లు రాగి, నాలుగు తగరము, ఒకటి తుత్తునాగము. పది సాంతీముల నాణెము సరిగా పది గ్రాములు, ఐదు సాంతీములది ఐదు గ్రాములు, రెండుది రెండు, ఒకటిది ఒకటి. పేదవాని చేతిలోని చిల్లరయే తూకపురాయిగా కూడ పనికివచ్చునట్లు చేసిన యీ యేర్పాటు మెచ్చదగినది. ఈ కాలపు ముద్రాశిల్పులు జాక్ జాఁ బార్, అతని పిదప 1855 నుండి యతని కుమారుడు ఆల్బేర్ బార్. తండ్రి చీర్ణము కొడుకు చేతికి వచ్చుట యొక్క మన కులములలోనే గలదని తలపరాదు.

ఈ రెండు సామ్రాజ్యముల నడుమ, 1848లో రిపబ్లికు మరల వచ్చినప్పుడు జరిగిన పోటీ మచ్చునాణెముల చరిత్రమున ప్రసిద్ధమైనది. పలువురు శిల్పులు తమ తమ చిత్రములను తగరమున కొట్టి సమర్పించిరి. ఊదినే యను శిల్పి చెక్కిన ధాన్యదేవత శిరస్సు ఐదు ఫ్రాంకుల నాణెమునకు గ్రహింపబడెను. ఓడిన వారి తగరపు ముక్కలు నేటికిని భద్రముగా నున్నవి. గెలిచిన వానిని మాత్రమే గాక, ఓడిన పనివానిని సైతము స్మరించుట కవి సాధనములైనవి.

నెరవేరని యాశలకును మచ్చులే సాక్షులు. 1867లో పారిసు నగరమున నానాదేశముల ప్రతినిధులు కూడి దేశములన్నిటికి నొకే నాణెము నేర్పరుపవలెనని యాలోచించిరి. దానికై ఇరువదియైదు ఫ్రాంకుల మచ్చులు బయలుదేరెను. అమెరికా టంకశాల 1868లో ఐదు డాలర్లు, ఇరువదియైదు ఫ్రాంకులు సమానమని తెలుపు మచ్చును రాగిలోను, అల్యూమినియములోను కొట్టెను. ఆ నాణె మెన్నడును చెల్లుబడికి రాలేదు. రాని నాణెమునకు రూపము మాత్ర మిట్లు మిగిలినది.

మచిలీబందరు నుండి సోహో వరకు

ఫ్రెంచివారి టంకశాలకును తెలుగుదేశమునకును సంబంధ మేమని యడుగవచ్చును. ఫ్రెంచివారు 1669లోనే గోలకొండ సుల్తాను ననుమతితో మచిలీబందరున వర్తకశాలను స్థాపించిరి. 1736లో గవర్నరు ద్యుమా కాలమున, ఆర్కాటు రూపాయలను పుదుచ్చేరిలో ముద్రించుకొను హక్కును సంపాదించిరి. ఆ రూపాయలపై అర్ధచంద్రుని గురుతు గలదు. 1750లో మచిలీబందరు వారి వశమయ్యెను. 1753లో బుస్సీకి ఉత్తర సర్కారులు లభించెను. 1759 ఏప్రిలులో ఇంగ్లీషు సేనాని ఫోర్డు మచిలీబందరును పట్టుకొనువరకు నచ్చట ఫ్రెంచివారి టంకశాల సాగెను. ఆ రూపాయలపై త్రిశూలపు గురుతు గలదు. కాని పేరు ఫ్రాన్సు రాజుది గాదు. ఢిల్లీ పాదుషాలైన అహమ్మదుషా, రెండవ ఆలంగీరుల పేర్లే. పరదేశపు కంపెనీ, పాదుషా పేరు, తెలుగు రేవుపట్టణము: ఒక్క వెండి బిళ్లపై నీ మూడును కూడినవి.

ఆ నాణెములు చేతిపని. బిళ్లను తూచి కత్తిరించి, కాల్చి, దాగలిలో దిగగొట్టిన అడుగచ్చుపై నుంచి, పైయచ్చును చేత బట్టుకొని సుత్తెతో కొట్టుదురు. అచ్చు బిళ్లకంటె పెద్దదగుటచే నక్షరములలో కొంతభాగమే బిళ్లపై పడును. ఏ రెండు నాణెములును సరిగా నొక్కటిగా నుండవు. దీనిని లోపమని యూరపువారు వ్రాసిరి. కాని తూకమున నా బిళ్లలు సరిగా నుండెను. వర్తకుడు తూకమునే చూచెను గనుక నది చాలెను.

ఈ పద్ధతిని తలక్రిందులు చేసిన వారిలో జాఁ పియేర్ ద్రో యను శిల్పి ముఖ్యుడు. స్విట్జర్లండున 1746లో పుట్టి పారిసున పని నేర్చినవాడు. 1786లో నితడు కొట్టిన యొక మచ్చునాణెమున ముందు, వెనుక, అంచు మూడును ఒక్క దెబ్బకే పడెను. ముక్కలుగా విడివడు వలయము నొకదానిని బిళ్లచుట్టును బిగించుటయే యందలి రహస్యము. ఆ మచ్చును జూచి ఇంగ్లండులోని బర్మింగుహాము నగరవాసి మాథ్యూ బౌల్టను, ఆవిరియంత్రమును మెరుగుపరచిన వాట్టు పొత్తుదారు, తన సోహో కర్మాగారమునకు ద్రోను పిలిపించుకొనెను. అక్కడ ద్రో 1788లోను 1790లోను అర్ధపెన్నీ మచ్చులను రాగిలో చెక్కెను. పిదప నిద్దరికి పొసగక ద్రో మరలిపోయెను. నెపోలియను కాలమున నితడు చక్రవర్తి బంగారు నాణెముల శిరోరూపమును చెక్కెను.

ద్రో మరలిపోయెను గాని యంత్రము నిలిచెను. 1794లో సోహో కర్మాగారము ఈస్టిండియా కంపెనీకై రాగి నాణెములను కొట్టి యోడలలో పంపెను. అవి యెవరికి? మచిలీబందరు మొదలగు ఉత్తర సర్కారుల తెలుగు ప్రజలకు. "రూపాయకు నలువదియెనిమిది" అని యింగ్లీషున వాటిపై నుండెను. దానిలో సగమైన "రూపాయకు తొంబదియారు" నుండెను. రూపాయకు నలువదియెనిమిది యనగా మన డబ్బే గదా! 1797లో మరల నట్టివి వచ్చెను. నలువదియేండ్లకు ముందు ఫ్రెంచివారు సైతము స్థానికుల సుత్తెతోనే కొట్టించుకొనిన సీమలోనికి, సముద్రముల నన్నిటిని దాటి, ఆవిరితో కొట్టిన డబ్బు వచ్చి పడెను. దాని గుండ్రదనమున లోపము లేదు. అక్షరములన్నియు బిళ్లపైననే యుండెను. కమ్మటపు కొలిమి చల్లారుట కది నాంది.

కాబట్టి పారిసులో నొక శిల్పి కొట్టిన పరీక్షాఖండము కేవలము సేకర్తల వినోదవస్తువు గాదు. మన పూర్వుల జీవనోపాధి మార్పునకు మొదటి యక్షరము లట్టి ముక్కలపైననే చెక్కబడినవి.

పాలమూరు సంస్థానముల నాణెములు

ఇక మన సీమకు వత్తము. నల్లమల యంచుననున్న మన లింగాల నుండి కృష్ణాతీరము వెంబడి పడమటికి పోయిన గద్వాల, వనపర్తి సంస్థానముల నేల తగులును. గద్వాల సంస్థానమునకు స్వంత టంకశాల యుండెను. దాని రూపాయి రాయచూరు ప్రాంతమునను చెల్లెను. వనపర్తి సంస్థానమునకు పూర్వనామము సుగూరు. ఆ పేరనే యచ్చటి నాణెములు ప్రసిద్ధములు. నారాయణపేట టంకశాల దిల్షాదాబాదు అను పేర నాణెములను వెలువరించెను. ఇవియన్నియు చేతియచ్చులు, సుత్తెదెబ్బలు.

హైదరాబాదు రాజ్యమున 1857 వరకు నాణెములపై ఢిల్లీ పాదుషా పేరే యుండెను. 1858 నుండి నిజాముల్ముల్కు ఆసఫ్ జా పేరును, దానిమీద 92 అను సంఖ్యయు వచ్చెను. అరబ్బీ యక్షరముల లెక్క ప్రకారము ప్రవక్త నామమున కది సంకేతము. సంస్థానముల టంకశాలలు క్రమముగా మూతపడెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున యంత్రముపై కొట్టిన రూపాయలు వచ్చెను. 1903లో సైఫాబాదున క్రొత్త టంకశాల నిర్మింపబడెను. చార్మినారు చిత్రముగల రూపాయ ఆ కాలమున వెలువడెను. హాలీ సిక్కా రూపాయి సుమారు 11.18 గ్రాముల తూకము, వేయింట 818 పాళ్లు వెండి. నూటపదునారు రూపాయల పదియణాల యెనిమిది పైసలు హాలీ నూరు కల్దారు రూపాయలకు సమానము. ఈ లెక్కను వేళ్లపై చెప్పగల వృద్ధులు మొన్నమొన్నటివరకు మన గ్రామములలో నుండిరి. సైఫాబాదు టంకశాల పని 1997లో చర్లపల్లికి మారెను. పాత భవనమున 2022లో నాణెముల ప్రదర్శనము ప్రజలకు తెరవబడెను.

ఇప్పుడు నేనొక ప్రశ్న వేయుదును. గద్వాల రూపాయ అచ్చును చెక్కినవాడెవ్వడు? సుగూరు అచ్చు నెవ్వడు చెక్కెను? ఫ్రెంచి తగరపు ముక్కపై త్యోలియే పేరు గలదు. మన సంస్థానపు వెండిపై పాదుషా పేరు గలదు, హిజరీ సంవత్సరము గలదు, గురుతు గలదు. పనివాని పేరు లేదు. పారసీకలిపిని తలక్రిందుగా, నుక్కుపై, పల్లముగా, తప్పులేక చెక్కగలిగిన యా చేయి యెవరిదో చెప్పువారు లేరు. టంకశాలల పనియంతయు మనవారే చేసిరని గొప్పలు చెప్పుకొనుట చరిత్ర గాదు; వివిధ జాతులవారు, మతములవారు నందు పనిచేసి యుందురు. సాక్ష్యము లేనిచోట గర్వమునకు చోటులేదు. ఆ సాక్ష్యము లేకపోవుటయే నా బాధ.

సాక్ష్య మెట్లు పోయినది? కొంత కాలవశమున. కొంత మాత్రము మన చేతులమీదుగనే. పాత రూపాయి యొకటి గృహస్థుని పెట్టెనుండి బయటకు వచ్చినప్పుడు చేరునది మన యంగడికే. గీటురాయిపై గీచి, పాళ్లు చూచి, తూచి, వెల కట్టి, మూసలో వేయుదుము. కడియమో, మట్టెలో యగును. ధర్మవిరుద్ధమైన పని గాదు. గృహస్థు కోరినదే చేసితిమి. అయినను నాణెమును పుట్టించిన వృత్తియే దానిని కరగించు వృత్తియు నగుటచే, తాత చెక్కిన అచ్చు గురుతును మనుమడు తానెరుగకయే చెరుపుచున్నాడు. ఫ్రెంచివాడు విలువలేని తగరపు ముక్కను పట్టువస్త్రమున నుంచెను. మనము విలువగల వెండియందలి రూపమును నిప్పున కర్పించితిమి.

పరీక్షావిధానము

అరుదైన వస్తువునకు వెల హెచ్చినచోట మోసమును హెచ్చును. ఫ్రెంచి మచ్చులని చెప్పి యమ్మజూపు ముక్కలు గలవు. మన సంస్థానపు రూపాయలకును నకళ్లు గలవు. ఈ పరీక్షలో మనవారి కన్ను మిక్కిలి యుపయోగపడును గనుక కొన్ని లక్షణములను వ్రాయుచున్నాను.

మొదటిది, పోతయా, కొట్టుడా యని చూడవలెను. పోతపోసిన ముక్క ఉపరితలమున సూదిమొనలవంటి గుంటలును, అంచున అతుకుగీతయు, దానిని ఆకురాయితో రాచిన జాడయు గనబడును. అక్షరములు కరిగిన మైనమువలె మొద్దువారి యుండును. అచ్చుతో కొట్టినదానిలో లోహము బయటకు పారిన సన్నని కాంతిరేఖలు గలవు.

రెండవది, నీటితూకము. గాలిలో తూచి, నీటిలో మునిగియుండగా మరల తూచి, నీటిలో తగ్గిన తూకముతో గాలితూకమును భాగింపవలెను. తగరమున కేడున్నర లోపు, అనగా సుమారు 7.3 వచ్చును, రాగికి సుమారు 8.9, వెండికి 10.5, సీసమునకు 11.3. తగరపు మచ్చని చెప్పిన ముక్క పదికి మించి చూపిన నందు సీసము గలదని యెరుగవలెను. వెండిపూత పూసిన రాగి ముక్క గీటురాయిని మోసగింపవచ్చును గాని నీటిని మోసగింపజాలదు.

మూడవది, అంచు. పారిసు టంకశాలవారు పాత అచ్చులతో తరువాతి కాలమున గూడ ముక్కలు కొట్టి యమ్ముచు, అంచున గురుతు వేయుచుండిరి. చూపువ్రేలు చాచిన చేయి 1845 నుండి 1860 వరకు, తేనెటీగ 1860 నుండి 1880 ప్రాంతము వరకు, సమృద్ధిశృంగము 1880 నుండి వాడబడినవి. మొదటి నెపోలియను శిరస్సుగల ముక్క అంచున తేనెటీగ యుండిన నది యా చక్రవర్తి కాలమున కొట్టినది గాదు. ఆయన చనిపోయిన సుమారు నలువదియేండ్లకో, యంతకు పిదపనో కొట్టినది. అది నకలు గాదు, కాని తొలిముక్కయు గాదు. ఇట్టి భేదములను తెలియక ధనము పోగొట్టుకొనువారు పలువురు.

మన కర్తవ్యము

ఈ మహాసభకు విచ్చేసిన సోదరులకును, సంఘపోషకులైన దాతలకును నా మనవి కొలదిగా గలదు.

రాగి, సీసము, కంచు పాత నాణెములను కరగించుటవలన వచ్చు లాభ మత్యల్పము, వాటిని కరగింపకుందము. వెండి నాణెము వచ్చినప్పుడు, కరగించుటకు ముందు దానికి ఛాయాచిత్రము తీయింతము; అది వీలుగాదేని మెత్తని లక్కపై రెండువైపుల ముద్ర తీసికొందము. తూకమును, ఎచ్చటినుండి వచ్చినదో యా గ్రామము పేరును, తేదీని ఒక పుస్తకమున వ్రాసి యుంచుదము. ఇందుకు పట్టునది పావుగంట. గృహస్థు పేరు వ్రాయనక్కర లేదు.

భూమిలో దొరకిన నిధి విషయము వేరు. 1878 నాటి నిధిశాసనము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు కలెక్టరుకు తెలుపవలెను. అట్టి కుండెడు నాణెములను రహస్యముగా కరగించుట నేరము. లాభమునకై యట్టి పనికి మన మూస నీయరాదు. తెలిపినచో నా నాణెములు హైదరాబాదు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరి, పండితులు చదివి, మన గ్రామము పేరు చరిత్రమున నిలుపుదురు.

పాత యిండ్లలో నటకలమీద, పెట్టెల యడుగున, తాతలనాటి అచ్చుదిమ్మలు, గుళ్లు, త్రాసులు, గీటురాళ్లు, లెక్కల పుస్తకములు నుండవచ్చును. పాత యినుమువానికి తూకమునకు వేయుటకు ముందు సంఘమునకు చూపుడు. ఏ యింటిలో నైన నొక్క అచ్చుదిమ్మ లభించి, అది గద్వాలదో, సుగూరుదో యని తేలినచో, అది మన చరిత్రమునకు ఫ్రెంచి చక్రవర్తుల మచ్చులన్నిటికంటె విలువైనది. సంఘమువారు ప్రతి సంవత్సరము సంచికలో నాలుగు పుటలు దీనికి కేటాయించి, సభ్యులు పంపిన ముద్రలను, తూకములను ప్రకటించిన, పదియేండ్లలో పాలమూరు సీమ నాణెముల చరిత్రమునకు నమ్మదగిన యాధార మేర్పడును. దాతలు విద్యార్థి వేతనములతోపాటు, నాణెశాస్త్రమును చదువదలచిన యువకు నొక్కని నైన పోషించిన నీ పని స్థిరపడును.

మనువు, మయుడు, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుడు అను పంచబ్రహ్మల పనులలో నేదియు నాణెమునకు పరాయిది గాదు. ఉక్కుదిమ్మ కమ్మరిది, దాగలి మొద్దు వడ్రంగిది, లోహపు పాళ్లు కంచరివి, మూర్తి శిల్పిది, చీర్ణపు గీత కంసాలిది. ఈ యైదును కూడినప్పుడే రూప్యము. రాజ్యములు మారును, వెల మారును, ఒక దినమున చెల్లిన నాణెము మరునాడు చెల్లకపోవును. రూపము మాత్రము, దానిని కాపాడువా డొక్కడుండిన, చెల్లుచునే యుండును. ఆ కాపాడువారము మనమే కావలెనని ప్రార్థించుచు, ఈ సభ సర్వవిధముల జయప్రదమగుగాక యని కోరుచు విరమించుచున్నాను.

స్వస్తి.